‘ఏం లేదండీ’ అనే జబ్బు

మొన్న వేసవిలో ఏలూరులో ఒక లేడీ డాక్టరుగారి ఆస్పత్రి వరండాలో కూర్చుని మా అమ్మ చేత పాఠం అప్పజెప్పించుకున్నాను. చిన్నప్పుడు నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి. ఇప్పుడు నా వంతు వచ్చింది.

“లోపలికెళ్ళాక ఏం చెప్తావమ్మా?”

“చెప్తాలేవే.”

“ఏం చెప్తావో ముందు నాకు చెప్పు.”

“ఇక్కడా? పక్కన మనుషులున్నారు. నెమ్మదిగా మాట్లాడు.”

పక్కన మనుషులు ఎప్పుడూ ఉంటారు. మా అమ్మ జీవితమంతా పక్కన మనుషులున్నారు. ఆమె ఒళ్ళో ఒక గుడ్డసంచి ఉంది. అందులో మునక్కాడలు, ఒక డబ్బాలో సున్నుండలు. పెంటపాడు దగ్గర మా ఊళ్ళో ఆటో ఎక్కి, తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఆ జనంలో నలిగి కూడా ఒక్క మునక్కాడ విరక్కుండా తెచ్చింది. డాక్టరుగారి కోసమట. “ఖాళీ చేతులతో ఎలా వెళ్తామే?” అంది. మా వైపు మర్యాద అలాంటిది. ఒకరి గుమ్మం తొక్కితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామండీ అనాలి. డాక్టరు ముందు కూర్చున్నా ఆ మర్యాద మా అమ్మని వదలదు. నా భయమల్లా అదే.

ఆమె చెప్పాల్సింది రెండే ముక్కలు. ముట్లు ఆగిపోయి చాలా ఏళ్ళయిన ఆమెకి, నాన్న దగ్గరైనప్పుడల్లా ఓర్చుకోలేనంత మంట, నొప్పి. ఈమధ్య ఆ తర్వాత రక్తం కూడా కనిపిస్తోంది. ఈ సంగతి ఆమె తనంతట తాను నాకు చెప్పలేదు. పుట్టింటికి వెళ్ళినప్పుడు, పెరట్లో లోపలి లంగా మీద మరకని సబ్బు పెట్టి రుద్దుతుంటే నేనే చూశాను. నిలదీస్తే తల వంచుకుని, బకెట్లోకి చూస్తూ చెప్పింది. “ఈ వయసులో ఇదేంటని నవ్వుతారే,” అంది చివర్న.

నాకు నవ్వు రాలేదు. ముట్లు ఆగాక ఎప్పుడు రక్తం కనిపించినా, కాస్తయినా సరే, ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలని నాకు తెలుసు. ఆ మాట నాకు చెప్పింది ఈ డాక్టరుగారే. కొన్నేళ్ళ క్రితం ఇదే వరండాలో నేనూ కూర్చున్నాను.

నన్ను కొల్లేరు ఒడ్డున, మండవల్లి దగ్గర, చేపల చెరువుల వాళ్ళింటికి ఇచ్చారు. వరిచేల మధ్య పెరిగినదాన్ని, ఆ ఇంటి వేళలకి అలవాటుపడటానికే చాలాకాలం పట్టింది. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి మనిషి గట్టు మీద లేకపోతే ఏడాది కష్టం పోతుంది. అందుకని మా ఆయన రాత్రంతా చెరువు దగ్గర పాకలోనే ఉండేవారు. పొద్దున్న చేపల మేతకి చెరువులో తవుడు సంచులు కట్టించి, ఇంటికొచ్చి, భోంచేసి పడుకునేది మధ్యాహ్నం. కాబట్టి కొత్త కాపురంలో నా భయం పట్టపగలు మొదలయ్యేది. వీధి మలుపులో ఆయన బండి చప్పుడు వినిపిస్తే చాలు, నా తొడలు వాటంతటవే బిగుసుకుపోయేవి. ఇష్టం లేక కాదు. ఆ మనిషంటే నాకు ఇష్టం. అదే నాకు అంతుపట్టేది కాదు.

నొప్పి ఎలా ఉండేదో చెప్తాను, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. మొదట్లోనే చర్మం కోసుకుపోతున్నట్టు మంట. ఆపైన లోపల ఏదో గోడ అడ్డం వచ్చినట్టు ఉండేది. పంటి బిగువున ఓర్చుకుంటే మర్నాటిదాకా సలుపు, ఒంటేలుకి వెళ్ళినా మంట. తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ, ఎప్పుడు అయిపోతుందా అనుకుంటూ పడుకునేదాన్ని. పెళ్ళయిన స్నేహితురాళ్ళని అడిగితే అలవాటైపోతుందన్నారు. అత్తయ్యగారు నా మొహం పాలిపోతోందని, ఒంట్లో వేడి చేసిందని, సబ్జా గింజల నీళ్ళు తాగించారు. ఏడాది దాటినా ఏదీ అలవాటు కాలేదు. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. వానపాము సంతానోత్పత్తి వ్యవస్థ బొమ్మ గీసి, రంగులు వేసి, భాగాలన్నిటికీ పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నా ఒంట్లో ఏ భాగం నొప్పి పెడుతోందో చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక్క పేరు లేదు.

మా ఆయన చెడ్డ మనిషైతే నాకు పని సులువయ్యేది. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన నా మొహం చూసి మధ్యలోనే ఆగిపోయి, అటు తిరిగి పడుకునేవారు. కొన్నాళ్ళకి మధ్యాహ్నాలు కూడా చెరువు దగ్గరే ఉండటం మొదలుపెట్టారు. మోటారు బాగులేదనేవారు, మేత బండి రావాలనేవారు. అవన్నీ సాకులని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. క్యారేజీ కట్టి పంపేదాన్ని.

ఒకరోజు ఇంటికొచ్చి జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశారు. విప్పితే ముదురు ఊదారంగు పలుకులు. చేపలకి పేను పట్టినా, ఒంటి మీద పుండు పడినా చెరువు నీళ్ళలో కలిపే మందు అది. మా వైపు ఏ గట్టు మీద పాకలో చూసినా డబ్బా ఉంటుంది.

“లోపలేదో పుండు పడుంటుంది. చేపలకి దీంతోనే కదా తగ్గుతోంది. కాసిని నీళ్ళల్లో వేసి కడుక్కో,” అన్నారు. అలా అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. చేపకి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో ఆయనకి బాగా తెలుసు. భార్యకి చేస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. పాపం, తెలిసిన మందే ప్రేమగా పొట్లం కట్టి తెచ్చారు. నేను చదువుకున్నదాన్ని, ఎంత వెయ్యాలని కూడా అడక్కుండా వాడేశాను. తగ్గాలన్న ఆత్రం కొద్దీ నీళ్ళు బాగా చిక్కటి రంగు వచ్చేదాకా వేశాను. చర్మం గోధుమరంగుకి తిరిగి, కాలి, పొరలు లేచిపోయింది. నడవలేకపోయాను. ఒంటేలుకి వెళ్ళాలంటే ఏడుపొచ్చేది. ఆయన గుమ్మంలో నిలబడి, “ఇప్పుడేం చెయ్యను? ఏం చెయ్యమంటావు?” అని అడుగుతూనే ఉన్నారు. ఏం చెయ్యాలో నాకూ తెలియదు. ఆయన మీద కోప్పడటానికి కూడా నాకు ఓపిక లేదు.

కాస్త కోలుకున్నాక పుట్టింటికి వెళ్ళి అమ్మతో చెప్పీ చెప్పనట్టు చెప్పాను. “కాపురం కష్టంగా ఉందమ్మా. నొప్పి.”

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఒక్క క్షణం ఆగింది. “ఆడదానికి అవన్నీ ఉండేవే. ఒక కాన్పయితే సర్దుకుంటుంది,” అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. మర్నాడు మాత్రం తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్లల కోసం చూపిస్తున్నామని నాన్నకి చెప్పింది. ఆ రోజు సంచిలో బెండకాయలు.

అక్కడ చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి డాక్టరు అలసిపోయి ఉన్నారు. తల ఎత్తకుండానే, “ఏంటమ్మా?” అన్నారు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

“పెళ్ళై ఏడాది దాటిందండీ. ఇంకా కడుపు పండలేదండీ.”

“నొప్పి గానీ, ఇంకేమన్నా ఇబ్బంది గానీ ఉందా?”

“ఏం లేదండీ. ఆరోగ్యంగానే ఉంటుందండీ.”

నేను అమ్మ వైపు చూశాను. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు నవ్వినట్టు నవ్వుతోంది. బలానికి మాత్రలు రాసిచ్చారు, బయటికొచ్చేశాం. రోడ్డు మీద నా ఒళ్ళు మండిపోయింది.

“ఎందుకలా అన్నావు? నొప్పని నీకు చెప్పానా లేదా?”

“అలాంటివి పైవాళ్ళతో చెప్తారటే? మన గురించి ఏమనుకుంటారు?”

ఉల్లిపాయల మార్కెట్ మీదుగా నడుస్తూ ఏడ్చాను. ఉల్లిఘాటు అనుకున్నారో ఏమో, ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. నా కన్నా నాలుగడుగులు ముందు, ఖాళీ సంచి మడతపెట్టుకుంటూ నడిచింది.

ఏలూరు డాక్టరుగారి దగ్గరికి నేను చేరడం కూడా చేపల పుణ్యమే. ఒక చెరువులో చేపలు మేత ముట్టడం మానేశాయి. మా ఆయన సీసాల్లో నీళ్ళు పట్టి ఏలూరులో పరీక్షకి తీసుకెళ్తుంటే, బజారు పని ఉందని నేనూ వెళ్ళాను. ఆ నీళ్ళు పరీక్ష చేసే ఆయన ఎన్ని ప్రశ్నలు వేశారో! ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఏ వేళప్పుడు ఎక్కువగా ఉంటోంది, పైకి తేలుతున్నాయా, అడుగునే ఉంటున్నాయా, మీకు మీరే ఏదైనా మందు వేశారా అని. మా ఆయన ఒక్క ముక్క దాచకుండా అన్నిటికీ జవాబు చెప్పారు. పక్కన నిలబడి వింటున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బయటికి రాగానే, నడిరోడ్డు మీద అనేశాను. “ఏవండీ, మీ చేపల్ని అడిగినన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదండీ.”

ఆయన నిలబడిపోయారు. ఖాళీ సీసాలు రెండు చేతుల్లోనూ ఉన్నాయి. సీసాలన్నీ ఒక చేతిలోకి మార్చుకుని ఒక ఆటోని ఆపి, “ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి పోనివ్వు బాబూ,” అన్నారు.

ఆ డాక్టరుగారు ముందు మా ఆయన్ని బయట కూర్చోమన్నారు. తర్వాత నన్ను, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగారు. “భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటోందా?”

“ఏం లేదండీ,” అన్నాను.

నిజంగానే అన్నాను. ఆ ప్రశ్న కోసం అంతకాలం ఎదురుచూసినదాన్ని, తీరా అడిగితే నా నోట్లోంచి మా అమ్మ మాటే వచ్చింది. ఆవిడ పెన్ను పట్టుకుని నా వైపు చూస్తూ ఊరుకున్నారు. అప్పుడు ఏడ్చాను. ఆ తర్వాత అన్ని ప్రశ్నలూ వచ్చాయి. ఎప్పటి నుంచి, మొదట్లోనా లోపలెక్కడో కింది కడుపులోనా, ముట్టు సమయంలో కూడా నొప్పి ఉంటుందా, రక్తం కనిపించిందా, తెల్లబట్ట వాసన వస్తోందా, మీకు మీరే ఏదైనా వాడారా. ఊదారంగు పలుకుల సంగతి చెప్పేసరికి ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేశారు. “ఇకమీదట అక్కడ ఏ మందూ పొయ్యకండమ్మా. మామూలు నీళ్ళు చాలు, సబ్బు కూడా అక్కర్లేదు,” అన్నారు.

పరీక్ష చేసేముందు, ఆపమంటే ఆపేస్తానన్నారు. ఆపమన్నాను. ఆపేశారు. ఆ రోజుకి చాలన్నారు.

ముందు కాలిన చోటు మానాలన్నారు. తర్వాత వెళ్ళినప్పుడు చూసి అసలు సంగతి చెప్పారు: నొప్పి వస్తుందన్న భయంతో అక్కడి కండరాలు నా ప్రమేయం లేకుండానే బిగుసుకుంటున్నాయి. బిగుసుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, నొప్పి వల్ల భయం ఇంకా ఎక్కువవుతుంది. అది నా తప్పు కాదని, మా ఆయన తప్పూ కాదని, ఆయన్ని కూడా లోపలికి పిలిచి చెప్పారు. ఊపిరి వదులుతూ ఆ కండరాలని వదులు చేసుకోవడం నేర్పిస్తామని, అందాకా తొందరపడవద్దని అన్నారు. అందరికీ కారణం ఒకటే కాదన్నారు. కొందరికి లోపల చీము చేరుతుంది, కొందరికి గర్భసంచిలో ఉండాల్సిన పొర బయట పెరుగుతుంది, కొందరికి కాన్పు కుట్లు, ముట్లు ఆగినవాళ్ళకి పొడిబారడం. “ఎప్పుడో ఒకసారి అయితే సరే. మళ్ళీ మళ్ళీ నొప్పి వస్తుంటే ఓర్చుకోవద్దు, చూపించుకోండి. కలిశాక రక్తం కనిపించినా, ముట్లు ఆగాక ఎప్పుడు కనిపించినా, పొత్తికడుపులో నొప్పితో జ్వరం వచ్చినా అసలు ఆగొద్దు,” అన్నారు.

నాకు పూర్తిగా తగ్గిపోయిందని చెప్పలేను. కొన్ని మధ్యాహ్నాలు హాయిగా ఉంటుంది, కొన్ని ఉండదు. ఉండనప్పుడు చెప్తాను, ఇద్దరం ఊరుకుంటాం. బండి చప్పుడు వింటే బిగుసుకోవడం మాత్రం పోయింది.

ఇదంతా అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. మొన్న వరండాలో కూర్చుని, ఆమెకి ధైర్యం రావాలని, కొంచెం కొంచెంగా చెప్పాను. కండరాల సంగతి, ప్రశ్నల సంగతి చెప్పాను. ఊదా పలుకుల సంగతి వింటుంటే ఆమె చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది.

మా పేరు పిలిచారు. లోపలికి వెళ్ళాం. అమ్మ సంచి బల్ల మీద పెట్టింది.

“మా పెరట్లోవేనండీ. లేతవి చూసి కోయించానండీ.”

డాక్టరుగారు నవ్వారు. “ఎందుకండీ ఇవన్నీ! చెప్పండమ్మా, ఏంటి ఇబ్బంది?”

“ఏం లేదండీ. కాస్త నడుం నొప్పండీ. మా అమ్మాయి ఊరికే కంగారు పడుతుందండీ.”

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నోరు తెరిచాను. నేనే చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. మరుక్షణం తాడేపల్లిగూడెంలో ఆ గది గుర్తొచ్చింది. నా నొప్పి నా నోట రాకముందే అమ్మ తన మాట చెప్పేసిన గది. ఇప్పుడు ఆమె నొప్పిని నేను చెప్పేస్తే నేను చేసేదీ అదే. చెప్పకపోతే? నడుం నొప్పికి మాత్రలు రాయించుకుని, ఆ రక్తం సంగతి అలాగే కడుపులో పెట్టుకుని, రైలెక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇక్కడికి తీసుకురావడం నా వల్ల కాదు.

“చెప్పమ్మా,” అన్నాను. బతిమాలాను.

అమ్మ నవ్వింది. అదే పెళ్ళిచూపుల నవ్వు.

డాక్టరుగారు మా ఇద్దరినీ చూశారు. “మీరు కాసేపు బయట కూర్చోండమ్మా,” అన్నారు నాతో.

బయటికి వచ్చాను. తలుపు మూసుకుంది. ఆ బెంచీ మీద కూర్చున్నంత సేపూ నేను చెయ్యగలిగింది ఒక్కటీ లేదు. లోపలి మాటలు వినిపించవు. వినిపించకూడదు కూడా. చెరువు గట్టు మీద తెల్లవారుజామున కూర్చునే మా ఆయన గుర్తొచ్చారు. కనీసం ఆయనకి నీళ్ళు కనిపిస్తాయి. తేలిన చేపలు కనిపిస్తాయి. నాకు మూసిన తలుపు తప్ప ఏమీ లేదు. ఒకసారి నర్సు బయటికొచ్చి, గుడ్డ కప్పిన ట్రే పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. చెప్పిందని అర్థమా, లేక నడుం నొప్పికి సూదిమందా? అడగబోయి ఊరుకున్నాను. అమ్మకి ఏమైనా అయితే, ఈ మర్యాదని నేను జన్మలో క్షమించలేను అనుకున్నాను.

చాలాసేపటికి అమ్మ వచ్చింది. కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో సంచి లేదు, ఒక కాగితం ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

“స్కానింగ్ తీయించాలంట. లోపల్నించి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంట. పొడిబారడం వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూస్తే గానీ చెప్పలేనంది.”

“చెప్పావా అయితే?”

“అడిగిందిగా.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది. “రక్తం ఎన్నాళ్ళ నుంచని అడిగింది. ఉగాది ముందు నుంచన్నాను. తర్వాత నొప్పి ఎన్నాళ్ళ నుంచని అడిగింది.”

“ఏం చెప్పావు?”

అమ్మ నా వైపు చూడలేదు. పక్కన మనుషులున్నారు. అయినా గొంతు తగ్గించలేదు.

“నువ్వు పుట్టకముందు నుంచీ అని చెప్పాను,” అంది.

అమ్మ లేచి, స్కానింగ్ గదికి ఎటు వెళ్ళాలండీ అని నర్సుని అడిగింది.